తలకిందుల విరాటపర్వం

కావలి చుట్టుపక్కల ఉన్న మా ఉన్నత పాఠశాలలో తెలుగు మాస్టారికి ఈ మధ్య ఉచిత అంతర్జాల గ్రంథాలయాల పిచ్చి పట్టుకున్నది. బడి బీరువా తాళంచెవి బదిలీపై వెళ్లిన పాత ప్రధానోపాధ్యాయుడితోపాటే వెళ్లిపోయిందనీ, లోపలి పుస్తకాలను ప్రస్తుతం చెదపురుగులు మాత్రమే శ్రద్ధగా చదువుతున్నాయనీ ఆయన ఫిర్యాదు. 1971లో మైకేల్ హార్ట్ అనే అమెరికా విద్యార్థి స్వాతంత్ర్య ప్రకటనను స్వయంగా టైపు చేసి ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే ఉచిత ఈ-పుస్తకాల భాండాగారానికి శ్రీకారం చుట్టిన వైనం, చిత్తూరు జిల్లాలో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్‌రెడ్డి గారు పది లక్షల పుస్తకాలను స్కాన్ చేయించే పనికి పూనుకున్న వైనం, రచయిత పోయిన తరవాత 60 ఏళ్లు గడిస్తే మన దేశంలో ఆయన రచనలు అందరి సొత్తు అవుతాయన్న చట్టం, ఇవన్నీ విని విని మాకు పీఆర్సీ లెక్కలకన్నా బాగా కంఠస్థమైపోయాయి. తిక్కన సోమయాజి కాలం చేసి ఏడు వందల ఏళ్లు దాటింది కనుక ఆయన వారసులెవరూ బడి మీద కేసు వేయరని ప్రధానోపాధ్యాయుడికి హామీ కూడా ఇచ్చారు.

మనుమసిద్ధి ఏలిన నెల్లూరి కవిని నెల్లూరు పిల్లలకు అచ్చు పుటలోనే చూపించాలని మాస్టారి పట్టుదల. తెలుగు వికీసోర్స్‌లోనూ ఆంధ్రభారతిలోనూ టైపు చేసి పెట్టిన పాఠాలుంటాయి. వాటిలో మాట వెతికితే దొరుకుతుంది, అక్షరం పెంచితే పెరుగుతుంది. స్కాన్ ప్రతి అట్లా కాదు, అది పుటకు తీసిన ఫొటో. పుటతోపాటు గ్రంథాలయం ముద్ర, ఏనాటి పాఠకుడో అంచున పెన్సిలుతో రాసిన "బాగున్నది", పుస్తకాన్ని అదిమి పట్టుకున్న ఉద్యోగి బొటనవేలు కూడా అందులో శాశ్వతంగా ఉండిపోతాయి. టైపు ప్రతికి పాత పుస్తకం వాసన ఉండదని మాస్టారు దానిని తిరస్కరించారు. స్కాన్ ప్రతికి మాత్రం వాసన ఎక్కడిదని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. రాత్రంతా ఫోను హాట్‌స్పాట్ మీద విరాటపర్వం దించుకుని, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఉదయమే వచ్చారు.

తొమ్మిదో తరగతి గదిలోని డిజిటల్ ప్యానెల్ మీద ఉత్తర గోగ్రహణం వరకు అంతా సవ్యంగానే నడిచింది. అర్జునుడు ఉత్తరుడికి కౌరవ వీరులను వారి జెండా గుర్తులనుబట్టి చూపించే చోట పుట తలకిందులుగా వచ్చింది. దానిని తిప్పడానికి మాస్టారు ఒక మీట నొక్కితే పుట పెద్దదైంది, ఇంకొకటి నొక్కితే చీకటైంది, మూడోది నొక్కేసరికి ప్యానెల్ నవీకరణకు అనుమతి అడిగింది. దానిని తిప్పడం తెలిసిన ఏకైక విద్యార్థి ఆ రోజు అక్క పెళ్లికి బిట్రగుంట వెళ్లాడు.

పిల్లలు మెడలు వంచి అశ్వత్థామ సింహపు తోకను, దుర్యోధనుడి పామును చదివేశారు. చిక్కంతా భీష్ముడి దగ్గర వచ్చింది.

"సార్, భీష్ముడి గుర్తు కాడ ఏలు అడ్డం ఉండాది సార్!"

ఆ బొటనవేలు కింద ఏముందన్న దానిపై తరగతి మూడుగా చీలింది. కుడివైపు బల్లలు ఫ్యాను అన్నాయి, ఎడమవైపు బల్లలు సైకిలు అన్నాయి, తలుపు దగ్గర కూర్చున్న ఒంటరి విద్యార్థి గాజు గ్లాసు అన్నాడు. ద్వాపరయుగంలో ఎన్నికల సంఘం లేదని మాస్టారు ఎంత మొత్తుకున్నా, పక్క గదిలో నేను చెబుతున్న వర్గ సమీకరణం ఆ నినాదాల్లో కొట్టుకుపోయింది. జవాబు ఆయనకు నోటికి వచ్చు. కానీ మూలంలో కంటికి కనపడనిది గురువు చెప్పరాదన్న నియమం ఒకటి పెట్టుకున్న మనిషి కనుక, వేలి గోటి పక్కన మిగిలిన అక్షరాలను సరిగా చూడడానికి అందరూ ప్యానెల్‌కు వీపు పెట్టి, నడుం వంచి, కాళ్ల సందులోంచి చదవాలని ఆజ్ఞాపించారు. ప్యానెల్ పక్కనున్న తలుపులోంచి ప్రధానోపాధ్యాయుడు మండల విద్యాశాఖాధికారిని వెంటబెట్టుకుని సరిగ్గా అప్పుడే లోపలికి వచ్చారు.

తరగతి మొత్తం మోకాళ్ల మధ్యనుంచి ఏకకంఠంతో "నమస్తే సార్" అన్నది.

"ఏందండీ మాస్టారూ, ఇది?"

"విరాటపర్వం సార్."

అధికారి కాసేపు పిల్లలను చూశారు, కాసేపు ప్యానెల్‌ను చూశారు. మెల్లగా తన మెడను కూడా ఒక పక్కకు వంచి, "భీష్ముడిది తాటిచెట్టు గదయ్యా, ఈ మాత్రానికి ఇంత కష్టమెందుకు?" అన్నారు. ఓడిపోయిన మూడు వర్గాలూ నిట్టూర్చి నిటారుగా లేచాయి. గాజు గ్లాసు విద్యార్థి మాత్రం వేలు తీసి చూపిస్తేనే నమ్ముతానన్నాడు.

వెళ్లేటప్పుడు అధికారి తనిఖీ పుస్తకంలో, "తొమ్మిదవ తరగతి విద్యార్థులు ప్రాచీన సాహిత్యమును అన్ని కోణములనుండి పరిశీలించుచున్నారు, అభినందనీయము" అని రాసి సంతకం చేశారు. అది చదివిన మా వ్యాయామోపాధ్యాయుడు, వంగి కాళ్ల సందులోంచి చూడడమనేది న్యాయంగా తన పీరియడ్‌కు చెందిన అంశమని లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలిపాడు.