మంచం ఎక్కితేనే బీమా

బెంగళూరు మారతహళ్లిలో చాలా ఏళ్లుగా చిన్న క్లినిక్కు నడుపుతున్న బాబాయికి, ఆయన అన్నగారి కూతురికి మధ్య జరిగిన వాదన ఇది. ప్రభుత్వ ఆరోగ్య బీమా తీసుకునే ఫ్యామిలీ డాక్టరు ఈ నగరంలో ఎందుకు దొరకడన్నది ఆమె ప్రశ్న.

బాబాయి: మీ అమ్మను నేను చూస్తూనే ఉన్నాను కదా. ఫీజు అడిగానా ఎప్పుడైనా? నీకెందుకమ్మా ఈ గొడవ?

అమ్మాయి: అమ్మకు మీరున్నారు. మా ఇంట్లో వంట చేసే ఆవిడ అత్తగారికి ఎవరున్నారు? కదిరి నుంచి వచ్చిన మనిషి. డెబ్బై దాటింది, బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. ఆయుష్మాన్ కార్డు చేయించుకుంది. ఆదాయంతో నిమిత్తం లేకుండా డెబ్బై దాటిన వాళ్లందరికీ ఏడాదికి 5 లక్షలని 2024లో కేంద్రం ప్రకటించింది కదా, ఆ కార్డు. దాన్ని పట్టుకుని ఈ చుట్టుపక్కల క్లినిక్కులన్నీ తిరిగాం. ఒకచోట కాంపౌండరు అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇది అడ్మిట్ అయ్యేవాళ్లకమ్మా’ అని మళ్లీ చేతిలో పెట్టాడు.

బాబాయి: ఉన్నమాటే చెప్పాడు.

అమ్మాయి: నేను అడుగుతున్నదీ అదే. ఆసుపత్రిలో చేరడానికి మూడు రోజుల ముందు నుంచి, ఇంటికి వచ్చాక 15 రోజుల దాకా పరీక్షలూ మందులూ పథకం చూసుకుంటుంది. మిగతా సంవత్సరమంతా ఆవిడ కర్మ. షుగరు ముదిరి కాలి వేలు తీసేయాల్సి వస్తే దానికి ప్యాకేజీ ఉంది. ఆ వేలు నిలబెట్టడానికి నెలనెలా పాదం చూసి, మాత్ర మార్చే డాక్టరుకు పైసా లేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడానికే డబ్బు ఇస్తారా?

బాబాయి: ప్రభుత్వం నాకు డబ్బిస్తానన్నా నేను తీసుకోను. నా ఫీజు 300. దానికి ముసలమ్మ వేలిముద్ర పడాలి. అరిగిపోయిన వేళ్లకు యంత్రం పలకదు. ఫొటో తీయాలి, చీటీ అప్‌లోడ్ చేయాలి, తర్వాత డబ్బు కోసం ఎదురుచూడాలి. బిల్లుల కోసమే మనుషులను పెట్టుకున్న పెద్ద ఆసుపత్రులే బకాయిలని మొత్తుకుంటున్నాయి. నా దగ్గర ఉన్నది ఒక్క కుర్రాడు. సూది వేసేదీ వాడే, టీ తెచ్చేదీ వాడే. పైగా వచ్చినప్పుడల్లా ఇంతని ఇస్తే ఏమవుతుందో తెలుసా? కాగితాల మీద జ్వరాలు పుడతాయి. నా తోటివాళ్లను నేనెరుగుదును.

అమ్మాయి: వచ్చినప్పుడల్లా ఇవ్వమని నేననలేదు. తలకు ఇంతని ముందే ఇవ్వాలి. ఇది కొత్త సంగతేమీ కాదు. కార్మికులకు బీమా వైద్యం ఇచ్చే ఈఎస్ఐ చట్టం 1948 నాటిది. ముంబయి, కోల్‌కతాల్లో మీలాంటి ప్రైవేటు డాక్టర్లే ఆ పథకం డాక్టర్ల జాబితాలో, అంటే ప్యానెల్లో చేరారు. ఇన్ని కార్మిక కుటుంబాలని ఒక జాబితా, మనిషికి ఏడాదికి ఇంతని లెక్క. ఇంగ్లండులోనూ అదే ఏడాది నుంచి వీధి డాక్టరు దగ్గరే పేరు నమోదు చేసుకుంటున్నారు. పెద్దాసుపత్రికి పోవాలంటే ఆయనే ఉత్తరం రాయాలి. మన దగ్గర అంతా తలకిందులు. కర్ణాటకలో ఈ ఆయుష్మాన్ పథకం కింద అత్యవసరం కాకపోతే ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లడానికి ప్రభుత్వాసుపత్రి రెఫరల్ చీటీ కావాలి. పదేళ్లుగా గుండె చప్పుడు వింటున్న మీరు రాసిన కాగితం అక్కడ చెల్లదు. ఆ రోజే మొదటిసారి చూసిన డాక్టరు రాసింది చెల్లుతుంది. మీకు కోపం రాదా?

బాబాయి: వస్తుంది. ఆయాసంతో కూర్చోలేని మనిషికి నేను రాసిచ్చిన కాగితం పక్కన పెట్టి, మళ్లీ వరుసలో నిలబెట్టారు ఒకసారి. సరే, నీ ఇంగ్లండు సంగతికి వద్దాం. అక్కడ డాక్టరు అపాయింట్‌మెంటు కోసం రోజుల తరబడి ఎదురుచూస్తున్నారని మీ పెద్దమ్మ కూతురే చెప్పింది కదా. తలకు ఇంతని ముందే చేతికిస్తే, రోగి రాకపోవడమే నాకు లాభం. వచ్చినవాణ్ణి రెండు నిమిషాల్లో పంపించేస్తాను.

అమ్మాయి: పంపించండి. డాక్టరును మార్చుకునే వీలు ఆవిడకు ఉంటే, వచ్చే ఏడు ఆవిడ పేరుతోపాటు డబ్బూ పక్క క్లినిక్కుకు వెళ్తుంది.

బాబాయి: పక్క క్లినిక్కు ఉంటేగా! మారతహళ్లిలో ఉంటుంది. కదిరి అవతల పల్లెలో? ఆంధ్రలో 2023లో ఫ్యామిలీ డాక్టరు పథకం పెట్టారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు నెలకు రెండుసార్లు ఊరికి వస్తే చాలన్నారు. ఇక్కడ కర్ణాటక ప్రభుత్వం పెట్టిన నమ్మ క్లినిక్కులున్నాయి. డాక్టరు, నర్సు, పరీక్షలు, మాత్రలు, అన్నీ ఉచితం. మీ వంటావిడ అక్కడికి ఎందుకు తీసుకెళ్లదు? ఉచితమంటే మనవాళ్లకు చిన్నతనం.

అమ్మాయి: చిన్నతనం కాదు. ఉదయం తొమ్మిదికి తెరిచి సాయంత్రం నాలుగున్నరకు మూసేసేలా మొదలుపెట్టారు వాటిని. ఆవిడ నాలుగిళ్లలో వంట ముగించేసరికే నాలుగవుతుంది. డాక్టరు నిలకడగా ఉంటే అదీ సర్దుకుంటుంది. మారినప్పుడల్లా ‘ఏ మాత్రలు వాడుతున్నారు’ అన్న దగ్గరి నుంచి మొదలు. పెద్దావిడ ‘తెల్లది ఒకటి, గులాబీది సగం’ అంటుంది. ఉన్న డాక్టరు ఎందుకు నిలవడంటే, ఆ పని ఎవరికీ గౌరవంగా లేదు. మీ అబ్బాయినే తీసుకోండి. రేడియాలజీ ఎందుకు చదివించారు?

బాబాయి: వాడి సంగతి ఇక్కడెందుకు?

అమ్మాయి: కుటుంబ వైద్యంలోనూ డీఎన్‌బీ అనే పీజీ చదువు ఉంది. ఈ క్లినిక్కు, ఈ పేరు, ఈ మనుషులు, అన్నీ అమరి ఉన్నాయి. అయినా చీకటి గదిలో స్కానింగ్ చూసే పనికే పంపారు.

బాబాయి: నేను పంపలేదు, వాడే ఎంచుకున్నాడు! అర్ధరాత్రి తలుపు కొట్టేవాళ్లను చూస్తూ పెరిగినవాడు. పండగపూట విస్తరి ముందు నుంచి నేను లేచి వెళ్లడం చూశాడు. ఆ బతుకు వద్దన్నాడు. నేనేం చెప్పను? నువ్వు మాత్రం సాఫ్ట్‌వేరులో ఎందుకు చేరావు, నీకూ సీటు వచ్చింది కదా?

అమ్మాయి: దంతవైద్యంలో వచ్చింది బాబాయ్. మాట మార్చకండి. మీ తర్వాత ఈ క్లినిక్కు మొబైల్ దుకాణం అవుతుంది. ఈ వీధిలో షుగరున్న వాళ్లంతా పెద్దాసుపత్రి మెట్లెక్కి, 300 అయ్యే చోట మూడు వేలు కట్టి వస్తారు. లేదా మానేస్తారు. అప్పుడు ఆ 5 లక్షలు పనికొస్తాయి.

బాబాయి: ...సరే. తలకు ఎంతిస్తుంది నీ ప్రభుత్వం?

అమ్మాయి: మీరే చెప్పండి.

బాబాయి: ఎంతైనా ముందుగా ఇవ్వాలి, మూడు నెలలకు ఒకసారి. మాత్ర మాత్రకూ అనుమతి అడగకూడదు. వేలిముద్ర ఏడాదికి ఒక్కసారే. నా చీటీ పెద్దాసుపత్రిలో చెల్లాలి. ఇవన్నీ రాతపూర్వకంగా ఇస్తే బోర్డు పెడతాను. ఒక్క విడత బకాయి పడినా తీసేస్తాను.

అమ్మాయి: తీసేయండి. అప్పుడు మీ తరఫున నేనే పోట్లాడతాను.

బాబాయి: ముందు ఆవిడను రేపు సాయంత్రం ఏడు దాటాక రమ్మను. పాత చీటీలు ఉంటే తెమ్మను. కార్డు అక్కర్లేదు.