పిల్లల్ని పెంచితే సరిపోదు
చిన్నపిల్లల టీచర్ అవ్వడానికి చదివే కోర్సు (ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేషన్) గురించి మీరు పెట్టిన పోస్టు చదివాను. అందులో "ఇద్దరు పిల్లల్ని పెంచిన అమ్మకి ఈ చదువు నల్లేరు మీద నడకే" అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. నేనూ అలాగే అనుకుని ఇక్కడ కాలిఫోర్నియాలో మా ఊరి కమ్యూనిటీ కాలేజీలో చేరాను. (రాష్ట్రంలో ఉండేవాళ్లకి యూనిట్‌కి, అంటే ఒక క్రెడిట్‌కి, 46 డాలర్లే, ఖర్చు తక్కువని మీరన్నది నిజం.) పిల్లల్ని గమనించి చూసింది రాసే మొదటి అబ్జర్వేషన్ అసైన్‌మెంట్‌తోనే నా గర్వం దిగిపోయింది. "బాబుకి కోపం వచ్చింది" అని రాస్తే ప్రొఫెసర్ కొట్టేసి, కోపం కళ్లకి కనిపించదు, కనిపించింది రాయండి అన్నారు. తిరగరాశాను: "చెక్క బ్లాకు రెండు చేతులతో పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ తలుపు వైపు మూడుసార్లు చూశాడు." అప్పుడు వెలిగింది, వాడిది కోపం కాదు, అమ్మ మీద బెంగ. ఇంట్లో మా పిల్లల్ని ఇన్నేళ్లలో ఒక్కసారీ అలా చూడలేదు. ఇంకోటి, 12 యూనిట్లు అయితే చాలు, ప్రీస్కూల్లో పిల్లలకి చెప్పడానికి రాష్ట్రం ఇచ్చే అసోసియేట్ టీచర్ పర్మిట్ చేతికొస్తుందన్నట్టు మీరు రాశారు. మామూలుగా అయితే రాదండీ, రోజుకి కనీసం మూడు గంటల చొప్పున 50 రోజులు పిల్లల మధ్య పని చేసి ఉండాలి. ఆ చిట్టి కుర్చీల పుణ్యమా అని నాకు 50 రోజులకే నడుం పట్టేసింది.