ఏడు లివర్ల తాళంకప్ప గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ తాళంకప్ప గారి సముఖమునకు, తమరు కాపలా కాసిన రేకు పెట్టె యజమాని నమస్కరించి వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి అని రాయడానికి చేయి రావడం లేదు, ఎందుకంటే నిన్నటి సంఘటనలో పూర్తి క్షేమంగా బయటపడింది తమరొక్కరే.

ఆస్తి పన్ను రికార్డులో పేరు మార్పించుకోవడానికి వెళ్లిన కార్యాలయంలో సంబంధిత అధికారి భోజనానికి వెళ్లి సాయంత్రం దాకా తిరిగి రాలేదన్న సంగతి అలా ఉంచుదాం. ఆ కోపం ఆయనకు వేరే ఉత్తరంలో తెలియజేస్తాను. కిందికి దిగి వచ్చి చూసేసరికి నా సైకిల్ క్యారియర్ మీది పెట్టె నోరు తెరుచుకుని ఉంది. తమరు మాత్రం మూసినవారు మూసినట్టే ఉన్నారు. మూతకు గొళ్ళేన్ని పట్టి ఉంచిన రివెట్లు రెండూ ఊడిపోగా, ఆ గొళ్ళెం తమరితో సహా కింది కొండీకి వేలాడుతోంది. మూత మీద రివెట్లు ఉండవలసిన చోట రెండు గుండ్రని చిల్లులు, వాటి పక్కన స్క్రూడ్రైవరు మొన ఆనించి ఎత్తిన చోట నీలిరంగు లేచి తెల్లగా మెరుస్తున్న గీత. రెయిన్ కోటు, గాలి పంపు, అదనపు ట్యూబు, ఇంకా ముట్టని టిఫిన్ డబ్బా వెళ్లిపోయాయి. జిరాక్సు కాగితాల ఫైలు మాత్రం మిగిలింది; దాని విలువ కార్యాలయం వారికే కాదు, దొంగకూ తెలిసినట్టుంది.

అప్పుడు నేనేం చేశానో తమరికి గుర్తుండే ఉంటుంది. జేబులోంచి తాళంచెవి తీసి తమరిని తెరిచాను. ఎంత హాయిగా తెరుచుకున్నారండీ! ఎక్కడా బిగువు లేదు, గీత లేదు, ఒంటి మీద చిన్న సొట్టయినా లేదు.

తమరి వంశం సామాన్యమైనది కాదు. అలీగఢ్‌లో వీధులకు వీధులే తాళాలు చేసి బతుకుతాయి. దిండుక్కల్ తాళానికి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గోద్రెజ్ వారు బీరువాల కంటే ముందు, 1897లో, వ్యాపారం మొదలుపెట్టిందే తాళాలతో. ఇంతటి ఘన చరిత్ర వెనక ఉండబట్టే తమరి పొట్ట మీద ఏడు లివర్లని అచ్చు వేసుకున్నారు. ఆ ఏడింటిలో ప్రతి ఒక్కటీ తనకు నిర్ణయించిన ఎత్తుకు, అంతకు మించకుండా, తగ్గకుండా లేస్తే తప్ప లోపలి గడియ కదలదని దుకాణదారు ఎంతో భక్తిగా వివరించాడు. నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను, ఎందుకంటే ఆ ఏడూ నిన్న కదలలేదు. వాటిని కదిలించవలసిన అవసరమే ఎవరికీ కలగలేదు.

తమరిని నియమించే ముందు నేను పడిన శ్రమ తమరు చూడలేదు కనుక మనవి చేస్తున్నాను. స్కూటరుకు పుట్టుకతోనే సీటు కింద తాళమున్న డిక్కీ వస్తుంది. మోటారు సైకిలుకు సైడ్ బాక్సు ఏ వీధిలోనైనా బిగిస్తారు. సైకిలుకు మాత్రం స్ప్రింగు పట్టీ ఒకటి ఇచ్చి, దాని కింద న్యూసు పేపరు పెట్టుకోమంటారు. ఖరీదైన సైకిళ్ల దుకాణానికి వెళ్లి అడిగితే, నా నెల కిరాణా ఖర్చంత వెల చెప్పి, బ్లేడుతో ఒక్క గీతకు తెరుచుకునే గుడ్డ సంచులు చూపించారు. కనుక బేగంబజారులో రేకు పెట్టె కొని, అడుగున నాలుగు చిల్లులు వేయించి, క్యారియర్ కడ్డీల కింద ఇనుప పట్టీలు అడ్డంగా పెట్టి, గుండ్రటి నున్నని తల ఉన్న బోల్టులు కింది నుంచి ఎక్కించి, నట్లన్నీ పెట్టె లోపల పడేలా బిగించాను. బయటి నుంచి ఏ స్పానరుకూ అక్కడ పట్టు దొరకదు. గతుకుల్లో చప్పుడు రాకుండా మధ్యలో పాత ట్యూబు ముక్కలు వేశాను, వాన నీరు దిగకుండా చిల్లుల చుట్టూ ఎంసీల్ పూశాను. పెట్టె ఎత్తు వల్ల వెనక నుంచి కాలు తిప్పి ఎక్కే అలవాటు మానుకుని, ఈ వయసులో ముందు కడ్డీ మీదుగా మోకాలు ఎత్తి ఎక్కడం నేర్చుకున్నాను. పక్క స్టాండు బరువుకు ఒరిగిపోతుంటే దాన్ని పీకించి రెండు కాళ్ల స్టాండు వేయించాను. ఇంత చేసి, చిట్టచివరి బాధ్యత ఒక్కటి తమరికి అప్పగించాను.

సైకిలు మీద పెట్టె ఈ దేశంలో కొత్త కాదని తమరు అనవచ్చు. నిజమే. ఐస్‌ఫ్రూటు అమ్మేవాడికి పెట్టె ఉంది, రొట్టెలు అమ్మేవాడికి ఉంది, గ్యాసు బండ తెచ్చే మనిషి ఒక్కొక్కటి ముప్పై కిలోలు తూగే బండలను సైకిలుకు వేలాడదీసుకుని వీధులు తిరిగేవాడు. కానీ వాళ్లెవరూ పెట్టెను వదిలి ఎటూ పోరు. ఆ పెట్టెకు మనిషే తాళం. ఉద్యోగానికో పనికో వెళ్లేవాడు మాత్రం సైకిలును గోడకు చేర్చి, లోపలికి వెళ్లి, గంటలకొద్దీ కనిపించకుండా పోతాడు. ఆ గంటల కోసమే తమరు. తమరి ఉద్యోగంలో వేరే పనేమీ లేదు.

పార్కింగు కుర్రవాడిని అడుగుదామంటే, అతడు పొద్దుననే తన విధానం ప్రకటించాడు: "సైకిల్‌కు టోకెన్ ఉండదు సార్." టోకెను లేని బండికి పైసా ఇవ్వనక్కరలేదు, చెత్తకుండీ పక్కన ఎక్కడైనా పెట్టుకోవచ్చు, పోతే ఎవరినీ అడగకూడదు. నగరం అంచున ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ దారికి సౌర ఫలకాల కప్పు వేసి, నీడతో పాటు కరెంటు కూడా తీస్తున్నారు, సంతోషం. ఆ నీడలో తొక్కి వచ్చినవాడు ఊళ్లో దిగి, టిఫిన్ డబ్బా ఎక్కడ పెట్టాలన్న సంగతి మాత్రం ఏ ప్రణాళికలోనూ లేదు. పోనీ, వాళ్లందరూ నాకేమీ మాట ఇవ్వలేదు. మాట ఇచ్చింది తమరు.

అసలు నా బాధ సామాను పోయిందని కాదు. దొంగ మిమ్మల్ని పగలగొట్టి ఉంటే, రంపంతో కోసి ఉంటే, కనీసం సుత్తితో ఒక దెబ్బ వేసి ఉంటే, పోరాడి ఓడారని గౌరవంగా ఇంటికి తీసుకెళ్లేవాణ్ని. అతడు మిమ్మల్ని ముట్టుకోలేదు. రెండు అల్యూమినియం రివెట్లను చూసి, పని ఎక్కడుందో క్షణంలో గ్రహించి, మిమ్మల్ని పక్కకు నెట్టి తన దారిన తాను పోయాడు. అతడు పెట్టె తోడుతుంటే నువ్వు అక్కడే వేలాడుతూ ఉన్నావు కదా! నీ ఏడు లివర్లూ ఎవరి కోసం? నీ ఉక్కు కమ్మీ ఎవరి కోసం? నువ్వు పట్టుకున్నది నా పెట్టెను కాదు, నీ గొళ్ళేన్ని. అది ఎక్కడ ఊడినా నీకు పట్టదు, నీ పిడి సడలనంత వరకు నీ లెక్కలో దొంగతనం జరగలేదు. పైగా నీ డబ్బా మీద ఏడేళ్ల వారంటీ అని రాసుకున్నావు! ఆ వారంటీ కాగితం పట్టుకుని దుకాణానికి వెళితే ఏమంటాడో తెలుసా? తాళం బాగానే ఉంది కదా సార్ అంటాడు. అదే కదరా నా ఏడుపు!

సాయంత్రం వెల్డింగు షాపుకు వెళ్లి, గొళ్ళేన్ని పెట్టెకు అతికించమన్నాను. ఆయన రేకును వేలితో టకటకలాడించి, సన్నం రేకు, కరెంటు తగిలితే అతుక్కోదు, కాలి చిల్లు పడుతుందని చెప్పి, మూత లోపలా ముందు పలకకు లోపలా మూడు మిల్లీమీటర్ల ఇనుప ప్లేటు ముక్కలు పెట్టి, వాటి మీదుగా బోల్టులు దింపమన్నాడు. అలాగే చేయించాను. కొత్త గొళ్ళెం లావుపాటిది. మడత వేస్తే బోల్టుల తలలన్నీ దాని కిందికే పోతాయి. ఇక ఊడదీయాలంటే ముందు నిన్నే తెరవాలి. అంటే జీవితంలో మొదటిసారి నీకు పని దొరికింది.

వేరే తాళం కొందామని కూడా అనుకున్నాను. నీ కమ్మీ మందం కొత్త కొండీకి సరిగ్గా సరిపోయింది, ఒకటి ఇంట్లో, ఒకటి జేబులో తాళంచెవులు రెండూ ఉన్నాయి, పైగా వానల్లో తుప్పు పట్టకుండా నిలబడ్డావన్న మాట కాదనలేను. సోమవారం పొద్దున్నే విధుల్లో చేరు. జీతం మామూలే, నెలకు రెండు చుక్కల కుట్టుమిషను నూనె. మళ్లీ ఎవరైనా స్క్రూడ్రైవరుతో వస్తే ఈసారి నీ ఒంటి మీద ఒక్క గీతైనా చూపించు, పూర్తిగా క్షేమంగా కనిపిస్తే మాత్రం ఊరుకోను.

ఇట్లు,
టోకెను లేని బండి యజమాని