‘అపరిచితుడు’కి ఉన్నది స్కిజోఫ్రీనియా కాదు

సైకో థ్రిల్లర్ సినిమాల జాబితా ఒకటి పెట్టి, “స్కిజోఫ్రీనియా అంటే ఏంటో తెలియాలంటే ఇవి చూడండి” అనే పోస్టులు వాట్సాప్‌లో తెగ తిరుగుతుంటాయి. వాటి సారాంశం ఎప్పుడూ ఒకటే. ఈ జబ్బులో ఒకే మనిషిలో ఇద్దరుంటారట, లేని మనుషులు కళ్లెదుట తిరుగుతారట, ఎప్పుడో ఒకప్పుడు హత్య చేస్తారట, ఆసుపత్రిలో కరెంటు షాకులిచ్చి మొద్దు చేస్తారట, అసలు మందు ప్రేమేనట. సినిమాలు చూడండి, తప్పులేదు. ఈ మాటల సంగతి మాత్రం విడివిడిగా తేల్చాలి.

“ఒకే మనిషిలో ఇద్దరు”

పొరపాటు పేరులోనే ఉంది. స్విట్జర్లాండ్ వైద్యుడు యూజెన్ బ్లాయ్లర్ 1908లో గ్రీకు భాషలో ‘చీలిక’, ‘మనసు’ అనే మాటలు కలిపి ఈ పేరు పెట్టాడు. ఆయన చెప్పిన చీలిక ఆలోచనకూ భావానికీ పొంతన తప్పడం. చావు కబురు చెబుతూ నవ్వడం లాంటిది. సినిమావాళ్లకు అందులో ద్విపాత్రాభినయం దొరికింది. జపాన్‌లో కూడా ‘మనసు చీలిన జబ్బు’ అనే అర్థమొచ్చే పేరే ఉండేది, రోగులకు అవమానంగా ఉందని 2002లో మార్చేశారు.

2005లో వచ్చిన ‘అపరిచితుడు’లో హీరోకి మల్టిపుల్ పర్సనాలిటీ అని సినిమాలోనే చెబుతారు. 1994 నుంచి దాన్ని డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అంటున్నారు. అది వేరే జబ్బు, చికిత్స కూడా వేరు. అంటే పోస్టు రాసినవాళ్లు సినిమా కూడా సరిగా వినలేదన్నమాట. ఇంకో తమాషా చూడండి. 1957లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో పట్టుబడ్డ హంతకుడు ఎడ్ గీన్‌కి స్కిజోఫ్రీనియా ఉందని వైద్యులు తేల్చారు. ఆ ఉదంతం కొంత ప్రేరణగా ఒక నవల, దాని నుంచి 1960లో దర్శకుడు హిచ్‌కాక్ సినిమా ‘సైకో’ వచ్చాయి. తెరమీదికి చేరేసరికి అసలు జబ్బు మాయమై, ఒకే ఒంట్లో తల్లీ కొడుకూ మిగిలారు.

మరి వైద్యులు చూసేదేంటి? తనమీద కుట్ర జరుగుతోందన్న లాంటి తిరుగులేని నమ్మకాలు, ఎవరూ లేనిచోట గొంతులు, పొంతన లేని మాటలు, తీరు తప్పిన ప్రవర్తన, చివరగా మాట, ముఖంలో భావం, చొరవ అన్నీ తగ్గిపోవడం. మానసిక జబ్బుల్ని గుర్తించడానికి వైద్యులు వాడే అమెరికన్ పుస్తకం డీఎస్‌ఎం-5 ప్రకారం వీటిలో కనీసం రెండు లక్షణాలు నెలరోజులపాటు ఉండాలి, అందులో ఒకటి మొదటి మూడింటిలోది కావాలి, మొత్తం తేడా ఆరు నెలలైనా సాగాలి. ఆ చివరి లక్షణాన్ని థ్రిల్లర్ కెమెరా ఏం చేసుకుంటుంది? స్నానం మానేసి, స్నేహితుల్ని వదిలేసి, గదిలో గోడవైపు తిరిగి పడుకునే ఇరవై ఏళ్ల కుర్రాడిలో కథేమీ లేదు. ఇంట్లోవాళ్లు కూడా సినిమాలో చూసినదాని కోసమే ఎదురుచూస్తూ, దీన్ని బద్ధకమనో ఫోన్ పిచ్చి అనో అనుకుంటారు. చికిత్స అక్కడే నెలల తరబడి ఆలస్యమవుతుంది.

“లేని మనుషులు కనిపిస్తారు”

కొందరికి కనిపిస్తారు, కానీ ఎక్కువమందికి వినిపించేది గొంతులే. గణిత శాస్త్రవేత్త జాన్ నాష్ మీద 2001లో తీసిన ‘ఎ బ్యూటిఫుల్ మైండ్’లో ఊహల్లోని రూమ్మేటు సినిమా కల్పన. నాష్‌కి వినిపించినవి గొంతులు.

“ఎప్పుడో ఒకప్పుడు చంపుతారు”

ముప్పు అసలు లేదనడం కూడా అబద్ధమే. 18,423 మందికి సంబంధించిన 20 అధ్యయనాలను కలిపి 2009లో లెక్కచూస్తే, మత్తు అలవాటు లేని రోగుల్లో హింస అవకాశం మామూలు జనం కంటే సుమారు రెండింతలు, మత్తు అలవాటున్న రోగుల్లో దాదాపు తొమ్మిదింతలు వచ్చింది. మరి ఈ జబ్బు లేకుండా మత్తు అలవాటు మాత్రమే ఉన్నవాళ్లలో? ఏడింతలకు పైనే. భయపడాల్సింది సీసా గురించి. రోగుల్లో సుమారు 5 శాతం మంది ఆత్మహత్యతో పోతారు, దాని మీద థ్రిల్లర్ తీసేవాళ్లు లేరు.

“షాకులిచ్చి మొద్దు చేస్తారు”

1975 నాటి ‘వన్ ఫ్లూ ఓవర్ ద కుకూస్ నెస్ట్’లో మెలకువగా ఉన్న మనిషికి శిక్షగా షాకిస్తారు. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ ప్రకారం మత్తుమందు, కండరాలు సడలించే మందు లేకుండా ఈసీటీ, అంటే కరెంటుతో కాసేపు ఫిట్ తెప్పించే ఈ చికిత్స, ఇవ్వడం నిషేధం. అసలు జరిగేదిది. కనీసం ఆరు గంటలు ఘనాహారం ఉండదు, కట్టుడు పళ్లు తీసేస్తారు. నరంలోకి ప్రొపోఫాల్ లేదా థయోపెంటోన్ అనే మత్తుమందు ఇచ్చి, మనిషి నిద్రపోయాకే కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్ ఇస్తారు. ఈ వరుస తప్పితే మెలకువలోనే ఒళ్లు చచ్చుబడి ఊపిరాడదు. సడలింపు మందు పాదంలోకి చేరకుండా ముందే ఒక చీలమండకి బీపీ పట్టీ బిగిస్తారు. అందుకే ఫిట్ వచ్చినప్పుడు ఆ పాదం ఒక్కటే కదులుతుంది, డాక్టర్ దాన్ని చూసే సమయం లెక్కపెడతాడు. కరెంటు కొన్ని సెకన్లే, ఫిట్ సాధారణంగా 20 నుంచి 60 సెకన్లు. నిద్రమాత్రలు, ఫిట్స్ మందులు వాడుతుంటే ఫిట్ సరిగా రాదు కాబట్టి అవి ముందే చెప్పాలి. వారానికి రెండు మూడు చొప్పున మామూలుగా 6 నుంచి 12 విడతలు. తర్వాత తలనొప్పి, కాసేపు అయోమయం ఉంటాయి. ఆ వారాల జ్ఞాపకాలు కొన్ని చెరిగిపోతాయి, కొందరికి కొన్ని తిరిగిరావు. ఈ జబ్బుకి ఇది మొదటి చికిత్స కాదు. మనిషి తిండీ మాటా మాని బిగుసుకుపోయినప్పుడో, మందులు పనిచేయనప్పుడో వాడతారు.

“ప్రేమే మందు”

దీని తమ్ముడు ‘చంద్రముఖి’ క్లైమాక్స్. పగ తీరినట్టు బొమ్మతో నాటకమాడితే జబ్బు దిగిపోతుంది. ఇంట్లో ఇది ప్రయత్నించకండి. “నిజమే, పక్కింటివాళ్లు చేతబడి చేశారు” అని వంతపాడితే నమ్మకం గట్టిపడుతుంది, వాదిస్తే మీరూ కుట్రలో చేరిపోతారు. “నాకు వినిపించట్లేదు, నీకు భయంగా ఉందని తెలుస్తోంది” అంటే చాలు. రోగులకు గొలుసులు వేసి మొక్కుకునే చోట్లు ఎలా ఉంటాయో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో తేలింది. మంటలంటుకుంటే గొలుసులు విప్పేవాళ్లు లేక 28 మంది పోయారు.

మందుల దగ్గర నాష్ మళ్లీ వస్తాడు. 1970 తర్వాత ఆయన మందులు వాడలేదు. సినిమాలో మాత్రం కొత్త మందులు వాడుతున్నానని చెప్పించారు, చూసి ఎవరూ ఆపేయకూడదని. ఆ కల్పన మంచిపనే. ఒక విశ్లేషణలో మందు కొనసాగించినవాళ్లలో ఏడాదిలో 27 శాతం మందికి జబ్బు తిరగబెడితే, ఆపినవాళ్లలో 64 శాతం మందికి తిరగబెట్టింది. మందు పూర్తిగా పట్టుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చాలామంది రెండో వారంలోనే “పనిచేయట్లేదు” అని ఆపేస్తారు. మందు పడక మెడ ఒకవైపు లాగేసినా, కళ్లు పైకి తిరిగిపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి, ఒక ఇంజెక్షన్‌తో తగ్గుతుంది. తీవ్ర జ్వరంతో ఒళ్లు బిగుసుకుపోతే అత్యవసరం. మాత్ర రోజూ మింగడం కుదరనివాళ్లకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేసే ఇంజెక్షన్లున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.