పలెర్మోలో చామంతుల కుండీ

అక్టోబరు నెలాఖరుకు సిసిలీ దీవిలోని పలెర్మో నగరంలో ఏ పూలకొట్టు చూసినా చామంతులే విరగబూసి కనిపిస్తాయి కాబట్టి, ఎదురింటి మామ్మగారు నవంబరు 1న పండగ భోజనానికి పిలిచినప్పుడు, మా వారు దసరా నాటి హుషారుతో ఒక పచ్చచామంతుల కుండీని ఎంచి మరీ కొనుక్కొచ్చారు. ఇటలీలో చామంతి సమాధుల మీద పెట్టే పువ్వు అనీ, ఆ రోజుల్లో జనం వాటిని శ్మశానాలకు మోసుకుపోతారనీ, బతికున్న మనిషి చేతికి ఇస్తే “తమరి ప్రయాణం ఎప్పుడు?” అని అడిగినట్టేననీ ఆయనకు చెప్పేవారు లేకపోయారు.

తలుపు తీసిన మామ్మగారు ముందు పూలను చూశారు, తర్వాత మా వారిని చూశారు, ఆపైన చెయ్యి చాచి తలుపుకున్న ఇనుప గడియను గట్టిగా పట్టుకున్నారు. కీడు సోకకుండా ఇనుము ముట్టుకోవడం అక్కడి ఆచారం. గడియ బిగుసుకుపోయిందేమోనని మా వారు తానూ ఒక చెయ్యి వేశారు.

కుండీని మెట్ల మీదే ఆపేసి, మామ్మగారి కోడలు అసలు సంగతి విడమరిచి చెప్పింది. పిల్లలు హాలోవీన్ పేరుతో మంత్రగత్తెల టోపీలు పెట్టుకుని తిరుగుతున్నా, సిసిలీలో అసలు పండగ నవంబరు 2న వచ్చే మృతుల దినమే. మన పితృదేవతలు వచ్చి తిని వెళ్తారు. వాళ్ళ పితృదేవతలు మాత్రం ముందురోజు రాత్రే వచ్చి, పిల్లలకు బొమ్మలూ మిఠాయిలూ పెట్టి వెళ్తారు. ఈ ఏర్పాటే నాకు న్యాయంగా తోచింది. అయితే అల్లరి పిల్లల అరికాళ్ళను వాళ్ళు జున్ను కోరినట్టు కోరేస్తారట, అందుకని ఆ రాత్రి ఇంట్లో తురుముపీటను దాచేస్తారు.

మర్నాడు కుండీని మామ్మగారి భర్త సమాధి దాకా మా వారే మోశారు. ఆ సేవకు మెచ్చి ఆవిడ ఇంటికి తీసుకువెళ్ళి, పళ్ళబుట్ట ముందు పెట్టారు. అవి బాదంపిండీ చక్కెరా కలిపి చేసి, అచ్చం పండులాగే రంగులద్దే మార్తొరానా మిఠాయిలు. ఆ ఊరి మార్తొరానా మఠం పేరే వాటికి వచ్చింది. దానిమ్మ పగులు, పీచ్ పండు మీది మచ్చ కూడా వదలకుండా దిద్దుతారు. కడగని పండు నోట పెట్టని మా వారు దానిమ్మను తీసుకెళ్ళి కుళాయి కింద శ్రద్ధగా రుద్దారు. ఎర్రటి నీళ్ళు తొట్టి నిండా పారుతుంటే ఓ క్షణం చూసిన మామ్మగారు, తురుముపీట ఎక్కడ దాచావని కోడలిని అడిగారు.