లోతులో మొదట మునిగేది బుర్ర

1947 సెప్టెంబర్‌లో మోరిస్ ఫార్గ్ అనే ఫ్రెంచ్ నేవీ డైవర్, మామూలు గాలి సిలిండర్లతో ఎంత లోతుకు పోవచ్చో చూద్దామని తూలోన్ దగ్గర సముద్రంలోకి ఒంటరిగా దిగారు. తాడుకు పలకలు కట్టి ఉంచారు. చేరిన చోట సంతకం పెట్టి రావాలి. 120 మీటర్ల పలక మీద సంతకం ఉంది. పైకి లాగేసరికి ప్రాణం లేదు, నోట్లో ఉండాల్సిన గొట్టం ఛాతీ మీద వేలాడుతోంది.

అది సముద్రం. నెత్తిన రాతి కప్పు లేదు. నీటి గుహల్లోకి గాలితో, పైగా ఒంటరిగా, అంత లోతుకు పోతామనేవాళ్లు నేటికీ ఉన్నారు.

ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 30 మీటర్లు దాటితే మనం పీల్చే నైట్రోజనే మత్తెక్కిస్తుంది. తాగి బండెక్కినవాడు ‘నేను బాగానే ఉన్నా’ అన్నట్టే, మత్తులో ఉన్న డైవర్‌కూ తేడా తెలియదు. 66 మీటర్ల దగ్గర ఆక్సిజన్ కూడా విషమయ్యే స్థాయికొస్తుంది. ఫిట్స్ వస్తే గొట్టం నోట్లోంచి జారిపోతుంది. 90 మీటర్లలో గాలి పైనున్నదానికి పది రెట్లు చిక్కన. ఊపిరి వదలడమే కష్టమై కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, మత్తు ఇంకా ముదురుతుంది. పైకొచ్చేద్దామంటే గుహలో పైకి దారుండదు. వచ్చిన దారినే, తాడు పట్టుకుని, బురద లేచి చెయ్యి కూడా కనబడని నీళ్లలో వెనక్కి ఈదాలి.

ఒంటరిగా వెళ్లేవాళ్ల వాదనలో కొంత నిజముంది. ఇరుకు సొరంగంలో తోడున్నవాడు బెదిరిపోతే ఇద్దరూ పోతారు. పైగా ఇద్దరూ గాలే పీలుస్తుంటే ఇద్దరికీ మత్తే. అందుకే నా దృష్టిలో అసలు తప్పు ఒంటరితనం కాదు, ఆ లోతులో గాలి. మత్తెక్కించని హీలియం కలిపిన ట్రైమిక్స్ అనే శ్వాస మిశ్రమం ఉంది. కాకపోతే ఖరీదు. ఆ డబ్బు దగ్గర లెక్క చూసుకుంటారు, కొందరికైతే గాలితో పోవడమే గొప్ప.

పేరున్న గుహ డైవర్ షెక్ ఎక్స్‌లీ అమెరికాలో గుహ ప్రమాదాలను విశ్లేషించి 1979లోనే నియమాలు రాశారు: బయటిదాకా తెగని తాడు, మూడో వంతు గాలితో లోపలికి, మూడో వంతుతో బయటికి, మిగతాది ఆపదకు, గాలితో 40 మీటర్లు దాటవద్దు. ఆ మిగిలిన మూడో వంతు తోడున్నవాడికీ పనికొచ్చేది. 1994లో మెక్సికోలోని సకాతోన్ అనే లోతైన నీటి గుండంలో, ట్రైమిక్స్‌తో కూడా, తన తాడు మీద ఒక్కరే దిగుతూ ఆయనే చనిపోయారు.

‘నా ప్రాణం, నా ఇష్టం’ అంటారు. దక్షిణాఫ్రికాలోని బూస్మాన్స్‌గాట్ అనే నీటి గుహలో 1994లో ఒక యువ డైవర్ చనిపోయాడు. పదేళ్లకు 270 మీటర్ల లోతులో డేవ్ షా అనే మరో డైవర్ ఆ శరీరాన్ని కనుగొన్నారు. 2005 జనవరిలో దాన్ని పైకి తేవడానికి దిగి, శ్రమకు కార్బన్ డయాక్సైడ్ పెరిగి ఆయనా అక్కడే పోయారు. కొన్ని రోజులకు తాళ్లు లాగుతుంటే రెండు శరీరాలూ కలిసే పైకొచ్చాయి.