ట్రూ అప్ గారికి ఒక అద్దెదారు లేఖ

మహారాజశ్రీ ట్రూ అప్ చార్జీ గారికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ మేము క్షేమం. పాత ఏళ్ల కరెంటు ఖర్చులో తేలిన లోటును ఇప్పుడు వసూలు చేసే మీరు దివ్యంగా ఉన్నారని ఈ నెల కరెంటు బిల్లు చూడగానే తెలిసింది.

మీ సంగతి కనుక్కుందామని వెళ్తే నిన్న మధ్యాహ్నమంతా కరెంటాఫీసులోనే పోయింది. సర్వరు పడుకుంది, సారు భోజనానికి వెళ్లారు. నాది చిన్న సందేహమే. 2023-24లో వాడిన యూనిట్లకు సర్దుబాటు అని బిల్లులో వేశారు. ఆ ఏడాది ఈ ఇంట్లో నేను లేను. ఎవరో ఏసీ వేసుకుని హాయిగా పడుకున్నారు. వాళ్ల చల్లదనానికి నాకెందుకండీ చెమటలు? "సర్వీసు నంబరు ఇంటిదండీ, మనిషిది కాదు" అని ఆయన బిల్లు నా వైపు తోశారు.

కందిపప్పు రెండేళ్ల కింద నష్టానికి అమ్మానంటూ కిరాణా కొట్టాయన ఇవాళ వచ్చి తలుపు కొడితే ఊరుకుంటామా? అదీ పాత అద్దెవాళ్లు తిన్న పప్పుకి!

డిస్కంలు, అంటే ఇళ్లకు కరెంటు పంచే కంపెనీలు, అనుకున్నదానికంటే ఎక్కువ పెట్టి కరెంటు కొంటాయి. చార్జీలు ఖరారు చేసే విద్యుత్ నియంత్రణ మండలి ఆ అదనపు ఖర్చులో కొంత కోసి, మిగతాది వసూలు చేసుకోమంటుంది. అలా మన ఆంధ్రప్రదేశ్‌లో 2022-23కి 6,072 కోట్లు, 2023-24కి 9,412 కోట్లు. చార్జీల్లో రాజకీయం ఉండకూడదనే కదా, 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం తెచ్చి ఆ మండలిని పెట్టింది? 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల పెంపుపై నిరసన చేస్తున్నవాళ్ల మీద పోలీసు కాల్పులు జరిగాక, చార్జీలు పెంచుతామని ముందుగా చెప్పడానికి ఏ పార్టీకీ నోరు రావడం లేదు. అందుకే ఎన్నికలయ్యాక మీరు దొడ్డిదారిన వస్తారు.

కరెంటు పంపిణీని ప్రైవేటుకిస్తే మీ పీడ వదులుతుందంటాడు మా కొలీగ్. ఢిల్లీలో 2002లోనే ఇచ్చారు. నష్టాలు బాగా తగ్గాయి, ఒప్పుకోవాలి. కానీ అక్కడా రెగ్యులేటరీ అసెట్ల (ముందు ముందు జనం దగ్గర వసూలు చేయాల్సిన పాత బాకీల) పేరుతో 27 వేల కోట్లకు పైగా మీ చుట్టాలే కూర్చున్నారు.

2025 నవంబరులో, ఎక్కువ వసూలైంది తిరిగిచ్చే మీ తమ్ముడు ట్రూ డౌన్ గారు కూడా వచ్చారు, యూనిట్‌కు 13 పైసలు పట్టుకుని. పాపం, మంచివాడు. మీ ముందు నోరెత్తలేడు.

ఇక మర్యాదలు చాలు. లెక్క తప్పితే ఆ ఏడాదే చెప్పండి, వాడినవాడినే అడగండి. నేను ఇల్లు మారుతున్నాను. నా బాకీ కూడా రేపు ఎవడో అమాయకుడి నెత్తిన పెడతారని తెలుసు. కొత్త ఓనరును నేను నీళ్ల గురించి అడగను. పాత అద్దెవాళ్లు నెలకి ఎన్ని యూనిట్లు కాల్చేవారో అడుగుతాను.

ఇట్లు,
ఆ ఏడాది ఈ ఇంట్లో లేనివాడు